అక్క విన్న టేపులు

ఆయన పోయిన రెండో ఏడు, వానలు పట్టిన వారానికి, ఆయన మొదటి భార్య మా గుమ్మం ముందు టాక్సీ దిగింది. ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేత్తో పొట్టకు హత్తుకున్న అట్టపెట్టె. గొడుగు లేదు. వానకోటు ఉంది కానీ, దాన్ని పెట్టెకు కప్పి తను తడిసింది.

"టేపులివి," అంది లోపలికి రాకుండానే. "మొత్తం వినకుండా సంతకం పెట్టను. వీటిని నా కళ్ళముందు తప్ప తియ్యనివ్వను. ఖాళీ గది ఉంటే పది రోజులుంటాను. లేదంటే ఏదో హోటల్ చూసుకుంటాను."

గది ఉంది. తువ్వాలు ఇచ్చాను. ముందు పెట్టె తుడిచి, తర్వాత తల తుడుచుకుంది.

అంతకుముందు ఆవిణ్ణి ఒక్కసారే చూశాను, ఆయన్ని సాగనంపిన రోజు. జనానికి చివర, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పలకరిద్దామని నేను వెళ్ళేలోపు అక్కడ గోడే ఉంది.

ఆయన్ని అందరూ పుర్రచెయ్యి అనేవాళ్ళు. ఎడమచేత్తో గిటార్ వాయించేవాడు. దిగులు పాటల్లాంటి బ్లూస్‌ని రాక్ హోరులో ముంచి తేల్చి నలభై ఏళ్ళు ఊరూరా వాయించాడు. పేరు పెద్దగా పాకలేదు గానీ, పాకిన చోట గట్టిగా పాకింది. ఆ నలభై ఏళ్ళలోంచి ఏరి, రెండు డిస్కుల ఆల్బమ్ ఒకటి వేస్తామని కంపెనీ వాళ్ళు వచ్చారు. మొదటి పన్నెండేళ్ళ పాటల మీద హక్కు, విడాకుల కాగితం ప్రకారం, ఆవిడది. తర్వాతవి నావి. ఇద్దరి సంతకాలూ పడాలి. నేను పెట్టేశాను. ఆవిడ కంపెనీ రాసిన మూడు ఉత్తరాలకు జవాబివ్వలేదు. నాలుగోదానికి ఉత్తరం బదులు తనే వచ్చింది.

అప్పటికే మా హాల్లో టేపుల మాస్టారు మకాం పెట్టి ఉన్నాడు. కంపెనీ పంపిన మనిషి, అరవై దాటినవాడు. ఎప్పుడూ కళ్ళజోడు మీంచి చూసేవాడు, అద్దాల్లోంచి చూడటం నేనెప్పుడూ చూడలేదు. టేపుల్ని పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తేవాడు. ఆవిడ వచ్చిన మొదటిరోజే మమ్మల్ని పెద్దావిడగారు, చిన్నావిడగారు అని పిలవడం మొదలుపెట్టాడు. వద్దని చెప్పే ధైర్యం ఇద్దరిలో ఎవరం చెయ్యలేదు.

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. ఇంటి ముందుగదే నా పనిగది. మైనం, సున్నప్పొడి లాంటి అచ్చుపిండి, బల్ల మీద ఎవరెవరివో నోళ్ళు. ఆయన నాకు దొరికింది కూడా అలాగే. ముందుపన్ను విరిగి పక్క వీధి డాక్టరు దగ్గరికి వస్తే, రంగు సరిపోల్చడానికి నన్ను పిలిచారు. ఎలా విరిగిందని అడిగాను. చెప్పడానికి ఆయనకు నాలుగు నిమిషాలు పట్టింది. అంత నత్తి. ముప్పైమూడో ఏట వచ్చిందట, స్టేజి మీంచి పడ్డాక. పాడితే ఆగేది కాదు, మాట్లాడితేనే. ఆ నాలుగు నిమిషాలూ నేను మాట అందించకుండా నిలబడ్డాను. అందుకే నిన్ను చేసుకున్నానని తర్వాతెప్పుడో, ఇంకో నాలుగు నిమిషాలు తీసుకుని, చెప్పాడు.

బయటివాళ్ళకు ఈ సంగతి తెలియదు. స్టేజి మీద ఒక్క మాట మాట్లాడేవాడు కాదు, పత్రికల వాళ్ళకు కనబడేవాడు కాదు. పొగరనుకునేవాళ్ళు. అనుకోనీ అనేవాడు, చేత్తో.

పాత టేపులు పాడాలంటే వాటిని ముందు వేడిచెయ్యాలట. ఏళ్ళు గడిచేసరికి వాటి మీది పూత జిగురెక్కి, యంత్రంలో పెట్టగానే ఊడొస్తుందట. సన్నటి వేడిలో ఎనిమిది గంటలు ఆరబెడితే కొన్ని రోజులపాటు తేరుకుంటాయి, ఆ కొన్ని రోజుల్లోనే నకలు తీసుకోవాలి. అంత నిలకడైన వేడి ఎక్కడ దొరుకుతుందా అని మాస్టారు తల పట్టుకుంటే, నేను అచ్చులు ఆరబెట్టుకునే ఇనప బీరువా చూపించాను. లోపల దీపం వెలుతురంత వేడి. అలా ఆ వానాకాలమంతా పై అరలో ఊరివాళ్ళ పళ్ళు, కింది అరలో ఆయన పాటలు కలిసి ఆరాయి.

ఆవిడ బీరువా ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. దాని తలుపు అద్దంలోంచి తన టేపుల వంక చూస్తూ ఉండేది. ఎదుటింటి ముసలామె ఒకరోజు నాతో, ఒక ఒరలో రెండు కత్తులు ఎలా పట్టాయమ్మా అని గుసగుసగా అడిగింది. గుసగుస లోపలికి వినబడింది.

"ఒరే పోయాక కత్తులు ఎక్కడ పడుంటే ఏం లెండి," అని లోపల్నుంచి జవాబు వచ్చింది.

నేను నవ్వాను. ఆవిడ వచ్చాక నవ్వడం అదే మొదలు.

మొదటి టేపు పెట్టిన మధ్యాహ్నం వాన సన్నగా, తెంపు లేకుండా పడుతోంది. హాల్లో లైటు వెయ్యలేదు. రీళ్ళు తిరిగాయి. ముందు ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, తర్వాత ఒక కుర్రాడి గొంతు. వాడు ఇంటి అద్దె వసూలుకొచ్చిన మనిషి నడకని, దగ్గుని, ముక్కుతో మాట్లాడటాన్ని అనుకరిస్తున్నాడు. గలగలా, ఊపిరి తీసుకోకుండా, మాట మీద మాట తొక్కుకుంటూ. వెనకాల ఒక అమ్మాయి పడీపడీ నవ్వుతోంది.

ఆ గొంతు ఎవరిదో తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఇరవై ఏళ్ళు నాతో కాపురం చేసిన గొంతు అది. అందులో ఉన్న మనిషిని మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

ఆవిడ వంక చూశాను. కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు టేపుతోపాటు కదులుతున్నాయి. ఆ హాస్యమంతా కంఠతా వచ్చు ఆవిడకి.

తర్వాత పాట మొదలైంది. 'తడి ప్లాట్‌ఫారం' అని, ఇరవైరెండో ఏట కట్టిన పాట. నాకు తెలిసిన 'తడి ప్లాట్‌ఫారం' నిదానంగా, ఒక్కో స్వరాన్నీ సాగదీసి, తెగుతుందేమోనని భయపడేంతవరకు లాగి వదిలేది. ఇది పరిగెత్తింది. రైలు తప్పిపోయినా ఇంకో రైలుందని తెలిసినవాడి పాట.

ఆ వారాల్లో రోజులకి అంచులు లేవు. పొద్దున నేను పళ్ళు పేర్చేదాన్ని, మధ్యాహ్నం ముగ్గురం వినేవాళ్ళం, సాయంత్రానికి వాన రంగు మారేది. నీళ్ళలో మునిగి పైకి చూస్తే ఇల్లు ఎలా కనిపిస్తుందో అలా ఉండేది ఇల్లు. ఒక్కోసారి పనిగదిలో చిన్న ఆకురాయితో పన్ను అరగదీస్తూ ఉంటే, హాల్లోంచి ఆయన గిటార్ ఆ రాపిడికి శ్రుతి కలుపుతున్నట్టుండేది. లేచి చూసేదాన్ని. రీళ్ళు తిరుగుతూ ఉండేవి.

ఆయన గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. మంచానికి అడ్డంగా పడుకునేవాడని ఇద్దరికీ తెలుసు. ప్రతి కప్పులో ఒక గుక్క టీ మిగిల్చేవాడని తెలుసు. ఆ గుక్క ఎవరికోసం వదిలేవాడో ఇద్దరికీ తెలియదు. ఆవిడ ఆయన్ని 'మీ ఆయన' అనేది. మీ ఆయనకి లెక్కలు రావు, మీ ఆయనకి కుక్కలంటే భయం. పరాయివాళ్ళింటి పిల్లాడి మీద చాడీలు చెప్పినట్టు చెప్పేది. పది రోజులు దాటిపోయాయని ఎవరం అనలేదు.

ఆవిడ ముప్పైయ్యొక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది, ఆఖర్న సూపర్‌వైజరు. మనిషిని చూడక్కర్లేదు, గొంతు చాలు అనేది. ఎవరు ఏడ్చి వచ్చి ఫోన్ తీశారో, ఎవరి పక్కన ఇంకొకరున్నారో, ఎవరు అబద్ధం ఆడుతున్నారో ఇట్టే పట్టేసేదట. ఒకసారి మా ఫోను మోగితే నేను తీసి, డాక్టరు గారూ పళ్ళు రేపటికి తయారైపోతాయి అన్నాను. పెట్టెయ్యగానే, "ఇంకా మొదలే పెట్టలేదు కదూ," అంది. నిజమే, మొదలుపెట్టలేదు.

మూడోవారంలో ఒక పొద్దున, నేను మైనంలో పళ్ళు గుచ్చుతుంటే, పక్కన స్టూలు మీద కూర్చుని తనంతట తనే చెప్పింది.

"మమ్మల్ని ఎవరో విడగొట్టారనుకుంటారు. ఎవరూ లేరు. నా చెవులే. ఆ ఆఖరి ఏడాది మీ ఆయన ప్రతి మాటకీ తడబడేవాడు. ఎక్కడికెళ్ళావంటే నోట్లో మాట నలిపేవాడు. ఎవరొచ్చారంటే కళ్ళు దించేవాడు. ఒకసారి చెప్పకుండా వెళ్ళి మూడు రోజులకి వచ్చాడు. ఎక్కడున్నావని అడిగాను. నే, నే, నే అంటూ గుమ్మంలోనే నిలబడిపోయాడు. అబద్ధం అతుక్కోవడానికి టైము పడుతుందిలే, కూర్చుని అతికించుకో అన్నాను. పెట్టె సర్దుకున్నాను."

నా చేతిలోంచి పన్ను జారి నేల మీద ఎక్కడికో దొర్లింది. ఇద్దరం వంగి వెతికాం. ఆవిడకే దొరికింది.

ఆ క్షణంలో చెప్పేసి ఉండాల్సింది. అది అబద్ధం కాదు, నత్తి అని. ఒక్క ముక్క. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ఆ రోజంతా నన్ను నేనే అడుక్కున్నాను. ఆవిడ బాధపడుతుందని, ఇన్నేళ్ళ తర్వాత ఎందుకులే అని ఏవేవో చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఆ నత్తి వల్లే ఆయన నాకు దొరికాడు. ఆవిడ ఆ రోజు గుమ్మంలో ఇంకో రెండు నిమిషాలు ఆగి ఉంటే నాకు కాపురమే లేదు. ఇన్నాళ్ళూ ఆవిడ ఆయన్ని వద్దనుకుంది కాబట్టి ఆయన పూర్తిగా నా వాడు. ఇప్పుడు చెబితే సగం అడుగుతుందేమో.

మర్నాడు మాస్టారిని పక్కకి పిలిచాను. ఇక ముందు వచ్చేవి నా కాలం టేపులు, వాటిలో పాటల మధ్య మాటలుంటాయి, అవి తీసేసి పాటలు మాత్రం వినిపించండి అన్నాను. మాస్టారు కళ్ళజోడు మీంచి నన్ను చూశాడు. సరేనన్నాడు. తర్వాత, తనలో తను అనుకున్నట్టుగా, ఒక విషయం చెప్పాడు. ముప్పైమూడో ఏడు దాకా పుర్రచెయ్యిగారు పాదం పూర్తిగా పాడేవారట. ఆ తర్వాత సగం పాడి, మిగతా సగం గిటార్‌కి అప్పగించడం మొదలైందట. నలభై ఏళ్ళూ వరసగా వింటేగానీ తెలియదట అది. అదే ఆయన బాణీ అని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను అన్నాడు. కారణం అడగలేదు. నేను చెప్పలేదు.

ఆరు రోజులు పాటలు మాత్రం విన్నాం. బాగున్నాయి. నాకు తెలిసిన ఆయన, నాకు తెలిసిన నిదానం. తీగ మూలిగేది, ఆగేది, మళ్ళీ మూలిగేది. ఆవిడ మాత్రం రోజురోజుకీ ముడుచుకుపోయింది. ఏడో రోజు పాట సగంలో ఉండగా చెయ్యెత్తింది. మాస్టారు యంత్రం ఆపాడు.

"ఇక్కడ కోశారు," అంది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇక్కడే కాదు, వారం రోజులుగా ప్రతి పాట చివరా కోస్తున్నారు. గదికి ఒక గాలుంటుంది మాస్టారూ. ఫోన్లో లైను మారితే గాలి మారుతుంది. ఇక్కడ మారింది." నా వైపు తిరిగింది. "నా దగ్గర ఏం దాస్తున్నారు?"

అబద్ధం ఆడినా పట్టేస్తుందని తెలుసు. అందుకని నిజమే చెప్పాననుకుంటే పొరపాటు. చెప్పడానికి ధైర్యం చాలక, టేపు మీదికి నెట్టేశాను. ఆఖరి టేపు పెట్టండి, ఏమీ తియ్యకుండా, అని మాస్టారితో అన్నాను. ఈ హాల్లోనే, ఈ కిటికీ పక్కనే, పోవడానికి నాలుగు నెలల ముందు ఆయన ఒక్కడే కూర్చుని రికార్డు చేసుకున్నది. నేనూ అంతవరకు వినలేదు. అందులో ఆయన నత్తి ఉంటుంది, అది చాలు, ఆవిడకి తనే తెలుస్తుంది అనుకున్నాను. నా గురించి నాకు ఏ బెంగా లేదు.

రీళ్ళు తిరిగాయి. కుర్చీ కిర్రుమంది. కొంచెం గిటార్, శ్రుతి చూసుకుంటున్నట్టు. దగ్గు. కాళ్ళ చప్పుడు దగ్గరికొచ్చింది. అది నా నడక.

"మం," అన్నాడు ఆయన. "మం... మం... మం..."

"మందా?" అంది నా గొంతు. చురుగ్గా, ప్రేమగా, పనిలో ఉన్న ఆడమనిషి గొంతు. "ఇందాకేగా వేసుకున్నావు. మళ్ళీ సాయంత్రమే. పడుకోరాదూ కాసేపు?"

ఆయన ఊఁ అన్నాడు. నా కాళ్ళ చప్పుడు దూరమైంది. పనిగది తలుపు పడింది. ఆకురాయి రొద సన్నగా మొదలైంది.

టేపు తిరుగుతూనే ఉంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, ఎవరూ లేని గదిలో, ఏ తొందరా లేకుండా, ఒక్కో అక్షరాన్నీ నేల మీద పెట్టినట్టు,

"మంచి నీళ్ళు," అన్నాడు.

చిన్నగా నవ్వుకున్నాడు. కుర్చీ కిర్రుమంది. జబ్బుమనిషి అడుగులు, ఒకటి, ఆగి ఇంకొకటి, వంటగది దాకా. గ్లాసు చప్పుడు. కుళాయి. మళ్ళీ అవే అడుగులు వెనక్కి. మొత్తం మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాలూ మా ముగ్గురిలో ఎవరం కదల్లేదు. అప్పుడు వాయించడం మొదలుపెట్టాడు.

ఆ పాట ఆ రోజు నేను వినలేదు. అక్కడే కూర్చుని ఉన్నాను, చెవుల్లో పడుతూనే ఉంది. వినలేదు.

పాట అయ్యాక ఆవిడ అడిగింది. గొంతు మామూలుగానే ఉంది.

"నీళ్ళకి కూడానా?"

"నీళ్ళకి కూడా," అన్నాను. "తన పేరు చెప్పుకోవడానికి కూడా."

"ఎప్పట్నుంచి?"

"ముప్పైమూడో ఏట స్టేజి మీంచి పడ్డాడటగా, అప్పట్నుంచి. తలకి దెబ్బ తగిలితే ఒక్కోసారి అలా జరుగుతుందని డాక్టరు అన్నాడు."

"పడ్డాడు," అంది. "నేనక్కడే ఉన్నాను. లేచి దులుపుకుని పాట పూర్తి చేశాడు. అందరం చప్పట్లు కొట్టాం."

లేచి తన గదిలోకి వెళ్ళింది. తలుపు మెల్లిగా వేసుకుంది.

రెండు రోజులు బయటికి రాలేదు. గుమ్మం దగ్గర బ్రెడ్డూ టీ పెట్టొచ్చేదాన్ని, ఖాళీ కప్పు బయటికి వచ్చేది. నేనూ పని ముట్టుకోలేదు. ఎవరో పెద్దాయన పళ్ళ సెట్టు ఆలస్యమైపోయి, డాక్టరు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇరవై ఏళ్ళలో ఆయన మాటలు నేను ఎన్ని పూర్తిచేశానో లెక్కపెట్టబోయాను. మొదట్లో ఆగేదాన్ని, అది నిజం. ఎప్పుడు మానేశానో గుర్తురాలేదు. సంతలో జనం ముందు ఆయన ఇబ్బంది పడకూడదని మొదలుపెట్టి ఉంటాను. తర్వాత ఇంట్లో కూడా. మం అంటే మందు, కి అంటే కిటికీ. అవునవునని తలూపేవాడు. ఎన్నిసార్లు అది కిటికీ కాదో.

మూడో రోజు పొద్దున ఆవిడ తనే రెండు కప్పుల టీ పట్టుకుని పనిగదిలోకి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. స్టూలు మీద కూర్చుంది.

"ఆ మూడు రోజులు ఎక్కడున్నాడో నాకిప్పటికీ తెలీదు," అంది. "ఎవత్తె దగ్గరో ఉండి ఉండొచ్చు. డాక్టరు దగ్గరికే వెళ్ళి ఉండొచ్చు. ఏదైతేనేం, నే అన్నాక ఏమంటాడో నేను ఆగలేదు." టీ తాగింది. "నీకు పది రోజుల కిందటే తెలుసు కదూ, నేను చెప్పిన రోజే?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఆయన్ని మళ్ళీ మీరు తీసుకుపోతారేమోనని."

ఆవిడ నా మొహంలోకి చూసి, కప్పు పక్కన పెట్టి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా నవ్వింది.

"పోయినవాణ్ణి ఎక్కడికి తీసుకుపోతానే, పిచ్చిదానా?"

ఆ రోజు నుంచి నన్ను నువ్వు అంది. నేను అక్కా అన్నాను. అంతమాత్రాన పాలూ నీళ్ళలా కలిసిపోలేదు. ఆ సాయంత్రమే అసలు గొడవ మొదలైంది. అక్క సంతకం పెడతానంది, ఒక షరతు మీద. ఆఖరి టేపు ఉన్నదున్నట్టు ఆల్బమ్‌లో వెయ్యాలి. నత్తి, అడుగులు, కుళాయి, అన్నీ.

వీల్లేదన్నాను. ఆయన జన్మంతా దాచుకున్నది పోయాక బయటపెట్టడం ఏం న్యాయం అన్నాను. అది నిజమే, కానీ అదొక్కటే కాదు. ఆ టేపులో నా గొంతుంది. చావుకి నాలుగు నెలల దూరంలో ఉన్న మనిషికి గ్లాసుడు నీళ్ళివ్వకుండా పడుకోమని చెప్పి వెళ్ళిపోయిన పెళ్ళాం గొంతు. లోకమంతా వింటుంది. అక్క అదంతా తెలిసే ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే నాకు మంట. నాలుగు రోజులు తలుపులు దబదబలాడాయి. కంపెనీ వాళ్ళేమో మూడు నిమిషాలు ఖాళీ చప్పుడుంటే కొన్నవాళ్ళు డిస్కు పాడైందనుకుంటారన్నారు. మాస్టారు ఎవరి పక్షమూ పట్టకుండా టేపుల మీద దుమ్ము ఊదుకుంటూ కూర్చున్నాడు.

ఐదో రోజు మధ్యాహ్నం అక్క ఏదో కొనుక్కొస్తానని బజారుకి వెళ్ళింది. వాన కాస్త తెరిపిచ్చింది. మాస్టారిని అడిగి చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ టేపు నేనొక్కదాన్నే విన్నాను. మొదటిసారి నా గొంతు దగ్గరే ఆగిపోయాను. రెండోసారి కూడా. మూడోసారి, ఎలాగో దాన్ని దాటి, ఆయన నవ్వు దగ్గరికి చేరాను.

ఆ నవ్వులో నా మీద ఫిర్యాదు లేదు. ఉంటే బాగుండునని కూడా అనిపించింది. గెలిచిన నవ్వు అది. ఎవరూ చూడనప్పుడు పసివాడు మొదటి అడుగువేసి, తన కాళ్ళ వంక తనే చూసుకుని నవ్వినట్టు. తర్వాత నీళ్ళు తాగొచ్చి వాయించిన పాట అప్పుడు విన్నాను, మొదటిసారి. ఆ పాటలో ఎక్కడా సగంలో ఆపి గిటార్‌కి అప్పగించలేదు. గొంతు బలహీనంగా ఉంది, చివర్లో గాలి చాలలేదు, అయినా ప్రతి పాదమూ చివరిదాకా తనే పాడాడు. ముప్పైమూడో ఏటి తర్వాత అలా పాడింది అదొక్కటేనని మాస్టారు తర్వాత చెప్పాడు.

అడుగుల చప్పుడు తీసేస్తే ఆ పాట ఎక్కడ్నుంచి నడిచొచ్చిందో ఎవరికీ తెలియదు.

అక్క గొడుగు మడుస్తూ లోపలికి వచ్చేసరికి, ఉంచెయ్యండి, నా గొంతు కూడా ఉంచెయ్యండి అని మాస్టారితో చెబుతున్నాను. అక్క గుమ్మంలో ఆగింది. లోపలికెళ్ళి కాగితాలు తీసుకొచ్చి, నా పనిబల్ల మీద ఎవరివో దవడలు పక్కకి జరిపి, సంతకం పెట్టింది. కాగితానికి అచ్చుపిండి అంటింది.

"దీనికి పేరుందా?" అని మాస్టారు అడిగాడు, కలం పట్టుకుని. మిగతా ముప్పై పాటలకీ పేర్లున్నాయి. దీనికి ఆయనేమీ పెట్టలేదు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నువ్వే చెప్పు అంది అక్క. 'మంచినీళ్ళు' అని రాయించాను.

వానలు వెనకబట్టాక అక్క తన ఊరు వెళ్ళింది. వెళ్ళేటప్పుడు గదిలో చెప్పులు, కళ్ళజోడు పెట్టె, సగం చదివిన పుస్తకం వదిలేసి వెళ్ళింది. మర్చిపోయిందేమోనని ఫోన్ చేస్తే, మర్చిపోలేదంది. మాస్టారు యంత్రం తీసుకెళ్ళిపోయాక హాలు చాలా పెద్దదైపోయింది. బీరువాలో కింది అర ఖాళీగా ఉంచడం అలవాటైపోయి, పళ్ళన్నీ పై అరలోనే కుక్కేదాన్ని.

చలికాలంలో ఆల్బమ్ వచ్చింది. డిస్కు పాడైందని తిరిగిచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారట, అంతే. ఆ నెల్లోనే రేడియో వాళ్ళు మా ఇద్దర్నీ పిలిచారు. ఉదయం కార్యక్రమం, అప్పటికప్పుడు ప్రసారమయ్యేది. చిన్న గది, గోడలకి దూది అట్టలు. అనౌన్సరు చాలా హుషారైన మనిషి, మాటకి మాటకి మధ్య సందు లేకుండా మాట్లాడతాడు. నేను భయపడుతుంటే అక్క నా చెయ్యి నొక్కింది. ముప్పైయ్యొక్క ఏళ్ళు మైకులోనే బతికాను, నేను చూసుకుంటాలే అంది.

బాగానే చూసుకుంది కూడా. పాత రోజులు, తప్పిపోయిన బస్సులు, అద్దె వసూలుకొచ్చినాయన దగ్గు, అన్నీ చెప్పి అనౌన్సర్ని నవ్వించింది. అప్పుడతను ఆఖరి ప్రశ్న అడిగాడు. ఆయన తన పాటల గురించి ఇంట్లో మీతో ఏమనేవారు, అని. ఎవరైనా అడిగే ప్రశ్నే.

అక్క నోరు తెరిచింది. మాట రాలేదు.

ఒక క్షణం, రెండు క్షణాలు. రేడియోలో నిశ్శబ్దం ఎంత పెద్దదో ఆ రోజు తెలిసింది. అనౌన్సరు మొహం పాలిపోయింది. "బహుశా ఆయన..." అంటూ మైకు మీదికి వంగాడు. నేను చెయ్యి చాపి అతని మణికట్టు పట్టుకున్నాను. అతను నా వంక బిత్తరపోయి చూశాడు. నేను వదల్లేదు. అద్దానికి అవతల ఎవరో గడియారం చూపిస్తూ చేతులు ఊపుతున్నారు. అక్క పెదవులు కదిలాయి, ఆగాయి. నేను అక్క వంకే చూస్తూ కూర్చున్నాను. ఏం చెప్పబోతోందో నాకు తెలియదు.

"మన ఆయన ఏమనేవాడో," అంది అక్క చివరికి, మైకుతో కాదు, నాతో. "నేను పూర్తిగా వినలేదే."

"నేనూ వినలేదు," అన్నాను.

అనౌన్సరు ఏదో అర్థమైనట్టు తలూపి, డిస్కు పెట్టాడు.